తువ్వాళ్ల టబ్బులో తడి ఇసుక

వంతెన మీద నుంచి నీళ్లు పారిన వరద వచ్చి వెళ్లాక నాలుగో ఏడు అది. ఆ ఇంట్లో ఏ సంగతికైనా వరదే లెక్క. వరదకి ముందు కొన్న ఫ్రిజ్జు, వరద తగ్గాక గోడలకి వేసిన రంగు, వరదలో పోయిన అత్తగారు. నిజానికి వరద ఆ ఇంటి గడప దాకా రానేలేదు. వీధి చివర ఆగి, మూడు రోజులు అక్కడే నిలబడి, వెనక్కి పోయింది. అయినా అత్తగారు పోయింది వరదలోనే అంటారు. ఏరు దాటితేనే పెద్దాసుపత్రి. ఆ మూడు రోజులూ వంతెన లేదు. ఆవిడ రెండో రోజు పోయింది.

నాలుగో ఏడు, వానలు ఇంకా మొదలుకాని రోజుల్లో ఒక ఉదయం ఆ ఇంటి కోడలు సెలూన్ తువ్వాళ్లు తీగ మీద ఆరేస్తోంది. భర్త షాపు నుంచి ఫోన్ చేశాడు.

"పెద్దాయనకి పిచ్చెక్కింది. నిన్నటి నుంచీ గాజు గీకి గీకి చంపుతున్నాడు. ఆ చప్పుడికి కస్టమర్లు కుర్చీలో కూర్చోలేకపోతున్నారు. సాయంత్రం వచ్చి ఇంటికి తీసుకుపో."

పెద్దాయన అంటే మనిషి కాదు, తొండ. గడ్డం తొండ అంటారు. మోచేతి పొడుగు, ఇసుక రంగు, గొంతు కింద ముళ్లుముళ్లుగా గడ్డం. భయమేసినా బాధ కలిగినా ఆ గడ్డం ఉబ్బి నల్లగా మారుతుంది. రెండేళ్ల కిందట భర్త దాన్ని కొనుక్కొచ్చి సెలూన్‌లో కుళాయి పక్కన గాజు పెట్టెలో పెట్టాడు. "నా షాపులో గడ్డం చేయించుకోని కస్టమర్ వీడొక్కడే" అని వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. బోర్డు మీద దాని బొమ్మ వేయించాడు, చేతిలో కత్తెరతో. జనం దాని పక్కన నిలబడి ఫోటోలు తీయించుకునేవాళ్లు. "ఏం పెద్దాయనా, డై వేశావా?" అని గడ్డం నల్లబడ్డప్పుడు పలకరించేవాళ్లు. అది ఆడదో మగదో ఎవరికీ అనుమానం రాలేదు. గడ్డాలతోనే బతికే ఇల్లు అది. గడ్డం ఉన్నది మగదే కాక ఇంకేమవుతుంది?

దాన్ని తెచ్చింది భర్త. పొద్దున్నే ఆరున్నరకి షట్టర్ ఎత్తి దాని పెంట తీసేది, గాజు తుడిచేది, ఆకుకూర సన్నగా తరిగి పెట్టేది, డబ్బాలో కీచురాళ్లని పెంచి ఒక్కొక్కటీ పట్టుకుని వేసేది మాత్రం ఆమె. అయ్యాక ముందురోజు వాడిన తువ్వాళ్ల మూట భుజాన వేసుకుని ఇంటికొచ్చి, పెద్ద నీలం టబ్బులో నానబెట్టి, ఉతికి ఆరేసి, తన ఉద్యోగానికి పరిగెత్తేది. నలభై తువ్వాళ్లు. వాటిలో కత్తిరించిన వెంట్రుకలు ఎంత దులిపినా పోవు. ఆమె జాకెట్లలోకి, పక్క దుప్పట్లోకి, ఒక్కోసారి అన్నంలోకి ఎవరెవరి వెంట్రుకలో వచ్చేవి. "ఇంట్లో ఉండి చేసే పనే కదా" అనేవాడు భర్త. ఆమె ఇంట్లో ఉండే వేళ ఏదో అతనికి ఎప్పుడూ సరిగ్గా తెలియదు. ఒకసారి షాపు నిండా జనం ఉండగా, "మా ఆవిడకి జంతువులంటే ప్రాణం, అన్నీ తనే చూసుకుంటుంది" అన్నాడు. జంతువులంటే తనకి ఇష్టమో కాదో ఆమెని అంతకుముందు ఎవరూ అడగలేదు. ఆమె కూడా తనని అడగలేదు. సరే, ఇష్టమే కాబోలు అనుకుంది.

ఆమె ఉద్యోగం ఊరి చివర మొక్కల నర్సరీలో, కొమ్మలు నాటే షెడ్డులో. ఇసుక, మట్టి, కొబ్బరి పొట్టు పాళ్లు చూసి కలపడం ఆమె పని. తడి ఎంత ఉందో చెప్పడానికి అక్కడ ఏ మీటరూ లేదు. పిడికిట్లోకి తీసుకుని నొక్కాలి. వేళ్ల సందుల్లోంచి నీరు కారితే ఎక్కువైనట్టు. చెయ్యి తెరవగానే రాలిపోతే తక్కువైనట్టు. ముద్ద నిలబడాలి, బొటనవేలితో తాకితే రెండుగా విరగాలి. పంతొమ్మిదేళ్లుగా ఆ పిడికిలి తప్పలేదు. కొత్తవాళ్లు చేరితే సూపర్‌వైజర్ ఆమె దగ్గరికే పంపుతాడు. రిజిస్టరులో ఆమె పేరు పక్కన మాత్రం ఇప్పటికీ 'సహాయకురాలు' అనే ఉంది.

ఆ షెడ్డుకి ఒకటే బాత్రూము. దాని తాళంచెవి సూపర్‌వైజర్ కుర్చీ వెనక మేకుకి వేలాడుతుంది. ఎవరూ కొంగున ముడేసుకుని మరిచిపోకుండా దానికి ఒక విరిగిన తాపీ కట్టించాడు. ఆ తాపీ పట్టుకుని రెండు వరసల మొక్కల మధ్య నడుస్తుంటే ఎవరెక్కడికి పోతున్నారో షెడ్డంతటికీ తెలుస్తుంది.

"ఇవాళ నాలుగోసారి కదమ్మా," అన్నాడు సూపర్‌వైజర్ ఆ రోజు. "ఈ మొక్కలకన్నా నీకే నీళ్లు ఎక్కువ పడుతున్నట్టున్నాయి."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే ఇంకో మాట అంటాడు.

పద్నాలుగు నెలలుగా ఆమె నల్లటి బట్టలే కడుతోంది. నెలకి ఐదు రోజులు ఉండాల్సింది పదిరోజులైంది, పదిహేనైంది. తర్వాత లెక్క పోయింది. క్యాలెండర్‌లో తేదీల చుట్టూ సున్నా చుట్టే అలవాటు ఆమెకి చిన్నప్పటి నుంచీ ఉంది. అన్ని తేదీలకీ చుట్టాల్సి వచ్చేసరికి మానేసింది. ఎనిమిది నెలల కిందట వీధి క్లినిక్‌లో డాక్టరు ఆమె కింది రెప్ప లాగి చూసి, గోళ్లు చూసి, పెద్దాసుపత్రిలో స్కాన్ తీయించుకోమని చీటీ రాశాడు. ఆ చీటీ వంటింటి గోడకున్న అద్దం వెనక ఉంది. షాపులో పగిలితే తెచ్చి అక్కడ పెట్టిన అద్దం అది. ఆమె ముఖం అందులో ఎప్పుడూ రెండు ముక్కలుగా కనిపిస్తుంది. "ఈ వయసులో ఆడాళ్లందరికీ ఉండేదే. అదే సర్దుకుంటుంది. పని చేసుకుంటూ తిరుగుతున్నావుగా, ఇంకేంటి?" అన్నాడు భర్త అప్పట్లో. అత్తగారు బతికుండగా, నెలసరి నొప్పికి ఆమె పడుకుంటే ఒకసారి అన్న మాటా గుర్తే. "నాకూ అంతే. నేనెవరికైనా చెప్పుకున్నానా?" ఆవిడ ఆ మాట గొప్పగా చెప్పుకుంది. బహుమతి గెలిచినదానిలా చెప్పుకుంది.

సాయంత్రం గాజు పెట్టెని రిక్షాలో ఇంటికి తెచ్చి కిటికీ పక్కన పెట్టింది. ఆ కిటికీ దగ్గర కుర్చీ మామగారిది. ఆయన యాభై ఏళ్లు కత్తెర పట్టిన మనిషి. చేతులు వణకడం మొదలయ్యాక షాపు కొడుక్కి అప్పగించి ఇంట్లో కూర్చున్నారు. రోజుకి పది మాటలు మాట్లాడితే ఆ రోజు చాలా మాట్లాడినట్టు. అత్తగారు పోయాక ఆ పదీ ఐదయ్యాయి. తన గడ్డం తీసుకోవడం కూడా మానేశారు. ఆరిన తువ్వాళ్లు మడతపెట్టడం ఒక్కటే ఆయన పని. వణికే చేతులతోనే అంచుకి అంచు కలిపి నలభై మడతలు పెడతారు.

తొండ ఇంట్లోనూ గాజు గీకడం మానలేదు. ఒక మూల చూసుకుని, ముందరి కాళ్లతో కిందికి లాగడం, ఆగి ఆయాసపడటం, మళ్లీ లాగడం. ఆమె కూరగాయలు తరుగుతూ దాన్నే చూసింది. ఆ కదలిక ఎక్కడో చూసింది తను. కత్తి చేతిలోనే ఆగిపోయింది. నర్సరీలో, వానలకి ముందు, మెత్తగా తవ్విన నారుమళ్లలో ఊరతొండలు ఇలాగే చేస్తాయి. ముందరి కాళ్లతో గుంట తీసి, వెనక్కి తిరిగి, గుడ్లు పెట్టి, మట్టి కప్పి పోతాయి. మడి తిరగేసేటప్పుడు ఆ గుడ్లు ఎన్నిసార్లు తన చేతికి తగిలాయో!

మర్నాడు పళ్లెంలో గోరువెచ్చటి నీళ్లు పోసి దాన్ని అందులో పెట్టి, పొట్ట కింద వేళ్లు ఆడించింది. గుండ్రంగా, గోలీల సంచిని తడిమినట్టు తగిలాయి.

"ఏవండీ, ఇది ఆడది. కడుపులో గుడ్లున్నాయి."

భర్త పొలమారేదాకా నవ్వాడు. "పెద్దాయన కడుపుతో ఉన్నాడా! గడ్డం ఉందే దానికి, కనపడట్లేదా? అయినా దాని మొగుడెవరు? మన షాపులో నేనూ పనికుర్రాడూ తప్ప ఎవరున్నాం?"

"మగది లేకపోయినా పెడతాయట. ఫోన్‌లో చూశాను. పిల్లలు రావు గానీ గుడ్లు మాత్రం పెట్టే తీరాలట."

"ఫోన్‌లో చూసి డాక్టరైపోయావా? అజీర్ణం చేసి ఉంటుంది. ఆకులు తగ్గించు."

మామగారు మడతపెట్టిన తువ్వాలుని మళ్లీ విప్పి, మళ్లీ మడతపెట్టారు.

ఆ రోజు నుంచి తొండ తినడం తగ్గించింది. తవ్వడానికి మట్టి దొరక్కపోతే గుడ్లు లోపలే ఆపుకుంటుందట, ఆపుకుంటే లోపలే కుళ్లుతాయట, రెండు వారాల్లో పోతుందట. షెడ్డులో కొమ్మలు నాటుతున్నా చెవిలో అదే గీకుడు. ఇంటికి ఫోన్ చేస్తే మామగారు ఎత్తి, "ఉంది" అని పెట్టేసేవారు. అయినా ఆమెకి నమ్మకం కుదిరేది కాదు. గోడ క్యాలెండర్‌లో తేదీల చుట్టూ మళ్లీ సున్నాలు చుట్టడం మొదలుపెట్టింది, ఈసారి తొండ కోసం. గీకిన రోజు, తినని రోజు, గడ్డం నల్లబడ్డ రోజు. ఎనిమిది నెలలుగా ఖాళీగా ఉన్న గడులు నిండుతుంటే చూసి, కలం పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది.

ఐదో రోజు నర్సరీలో అడిగి ఒక సంచి ఇసుక, కాస్త మట్టి తెచ్చింది. ఇంట్లో వాటికి సరిపడే లోతున్నది ఒకటే, తువ్వాళ్ల నీలం టబ్బు. సబ్బు వాసన పోయేదాకా దాన్ని నాలుగుసార్లు కడిగింది. ఇసుక, మట్టి కలిపి, నీళ్లు చల్లుకుంటూ పిడికిట్లో నొక్కి చూసింది. ముద్ద నిలబడింది, తాకితే రెండుగా విరిగింది. జానెడున్నర మందాన టబ్బులో పరిచి, పైన వేడి బల్బు వేలాడదీసి, తొండని అందులో వదిలింది.

భర్త తువ్వాళ్ల మూటతో వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు.

"టబ్బులో ఇసుక పోశావేంటి? ఇవి ఎక్కడ నానబెడతావు?"

"నానబెట్టను."

"అంటే?"

"అది గుడ్లు పెట్టేదాకా టబ్బు దానిది."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆమెకే అనుమానమొచ్చింది. భర్త ఆమె వంకా టబ్బు వంకా చూసి, "నీక్కూడా ఎక్కింది" అని మూట అక్కడే పడేసి వెళ్లాడు. ఆమె వాటిని రెండు బకెట్లలో నానబెట్టింది. తిరుగుబాటు అంతవరకే వచ్చింది ఆ రోజుకి.

ఏడో రోజు సాయంత్రం ఆమె చెప్పులు విప్పకముందే మామగారు కుర్చీలోంచి లేచారు.

"తొమ్మిది," అన్నారు.

పొద్దుట్నుంచీ కూర్చుని లెక్కపెట్టారు. తలా భుజాలూ లోపలికి పోయేంత సొరంగం తవ్వి, తిరిగి కూర్చుని, ఒక్కొక్కటీ పెట్టిందట. ఆమె ఇసుక తీసి చూసింది. తెల్లగా, మెత్తగా, బొటనవేలి కణుపంత గుడ్లు తొమ్మిది. తొండ పక్కన పడి ఉంది, పొట్ట జారి, తుంటి ఎముకలు బయటికొచ్చి. ఎవరూ అడగని గుడ్లు, ఏ పిల్లా రాని గుడ్లు. ఒంట్లో ఉన్న సున్నమంతా వాటికే ధారపోసింది. ఆమె దాన్ని చేతుల్లోకి తీసుకుని, "అయిపోయింది తల్లీ, అయిపోయింది" అంది. పొట్ట కింద వేలు పెట్టింది. అయిపోలేదు. ఇంకా ఉన్నాయి.

ఆ కబురు షాపులో పాకింది. కస్టమర్లు భర్తని "తాతయ్యా" అని పిలవడం మొదలుపెట్టారు. అతను రెండు రోజులు ముఖం గంటు పెట్టుకుని తిరిగాడు. బోర్డు మీద బొమ్మ చెరిపించాలా వద్దా అన్నదే అతని బెంగ. "పెట్టిందిగా, ఇంకేంటి?" అనేవాడు ఆమె ఏదైనా అనబోతే. తొండ మాత్రం కళ్లు తెరవడం లేదు. గడ్డం నల్లగా మారి మళ్లీ తెల్లబడలేదు. అప్పుడప్పుడు తోక ఎత్తి ముక్కుతుంది, ఏమీ రాదు. పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాలనుకుంది. సెలవడగాలంటే సూపర్‌వైజర్‌కి కారణం చెప్పాలి. తన కోసమైతే పద్నాలుగు నెలలుగా చెప్పలేకపోయింది. తొండ కోసం పదకొండో రోజు చెప్పేసింది.

"తొండకి పురుడా?" అన్నాడు సూపర్‌వైజర్.

"అవును," అంది. ఈసారి నవ్వలేదు. అతను పూట సెలవు రాసిచ్చాడు.

పశువుల ఆసుపత్రి వంతెనకి ఇవతలి పక్క, బస్టాపు ఎదురుగానే. కౌంటర్ దగ్గరి అమ్మాయి కాగితం మీద పేరు రాసుకుంటూ అడిగింది.

"జంతువు పేరు?"

"పెద్దాయన."

"మగదా?"

"ఆడది."

ఆ అమ్మాయి తలెత్తి, నవ్వు ఆపుకుని, రాసింది.

డాక్టరు సన్నగా, కూతురి వయసులో ఉంది. తన కూతురు హాస్టల్‌లో చదువుతోంది, ఇలాగే జుట్టు పైకి ముడేసుకుంటుంది. డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి వెలుగు ముందు పెట్టి చూపించింది. ఇంకా ఏడున్నాయి. వాటిలో ఒకటి మిగతావాటికన్నా పెద్దది, వంకరగా దారికి అడ్డం పడి ఉంది.

"గాజు పెట్టెలో ట్యూబులైటు ఎప్పుడు మార్చారు? ఎండలా పనిచేసేది ఉంటుంది కదా, అది."

"మార్చలేదమ్మా. వెలుగుతూనే ఉంది."

"వెలుగుతుంది. లోపల సత్తువ మాత్రం ఆరు నెలలకే పోతుంది. అది లేకపోతే ఎంత తిన్నా ఎముకకి సున్నం పట్టదు, గుడ్డుని బయటికి నెట్టే బలం ఉండదు." కాగితం మీద రాసుకుంటూ అడిగింది. "గీకడం ఎప్పుడు మొదలైంది? తిండి ఎప్పుడు మానేసింది? చివరిసారి పెంట ఎప్పుడు వేసింది?"

ఆమె క్యాలెండర్ కాగితం తీసి గడగడా చెప్పింది. ఏ రోజు ఏం జరిగిందో ఒక్కటీ తప్పలేదు. చెబుతుంటే గొంతు నిబ్బరంగా ఉంది. ఇలాంటి ప్రశ్నలు ఒకరు కూర్చోబెట్టి అడిగి, జవాబు రాసుకోవడం ఎంత బావుందో అనుకుంది.

డాక్టరమ్మ కలం ఆపింది. "అంటే మొత్తం పదకొండు రోజులు. ఇన్ని రోజులు ఎందుకు ఆగారమ్మా?"

కసురుకోలేదు. తెలుసుకుందామనే అడిగింది. పదకొండు రోజులకే ఎందుకు ఆగావంటున్నారు. ఆ బల్ల మీద తొండ పక్కన తననీ పడుకోబెట్టి అడిగితే ఏం చెప్పేది? తువ్వాళ్లున్నాయని చెప్పేదా? తాపీ పట్టుకుని అంతదూరం నడవలేక అని చెప్పేదా? నా వెలుగు వెలుగుతూనే ఉంది కదా అనుకున్నారు అందరూ, నేను కూడా అనుకున్నాను అని చెప్పేదా? కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంది.

"తెలియలేదమ్మా," అంది చివరికి. అది అబద్ధం. తెలుసు.

"కాల్షియం ఇంజెక్షన్ ఇస్తున్నాను. గోరువెచ్చటి నీళ్లలో పెట్టండి, వెచ్చగా ఉంచండి. రేపు తొమ్మిదింటికి తీసుకురండి. అప్పటికీ పెట్టకపోతే కోసి తీసేయాలి. అండాశయాలు కూడా తీసేస్తాను, మళ్లీ ఈ బాధ ఉండదు. చిన్న ప్రాణం, ప్రమాదం ఉంటుంది. చేయకపోతే మాత్రం రెండు మూడు రోజులు. మీ ఇంట్లో వాళ్లతో మాట్లాడుకుని రండి."

ఇంట్లో వాళ్లు అన్నం తినే వేళకి ఆమె ఆ మాట ఎత్తింది. భర్త కంచం ముందున్నాడు. మామగారు కిటికీ దగ్గర తువ్వాళ్లు మడతపెడుతున్నారు. తొండ బుట్టలో, వేడినీళ్ల సీసా పక్కన.

"ఆపరేషనా? తొండకా?" అన్నాడు భర్త. "ఇంకా నయం, ఊరంతా చాటింపు వేయించు. షాపులో నేను తలెత్తుకోవాలా వద్దా?"

"చేయించకపోతే చచ్చిపోతుందన్నారు."

"పోతే ఇంకోటి తెచ్చుకుందాం. ఈసారి బాగా చూసి మగదాన్నే తెస్తా. దీనికోసం నువ్వు మనసు పాడుచేసుకోకు." కంచం కాస్త ముందుకి జరిపాడు. "కొంచెం పప్పు వెయ్యి."

అతని గొంతులో కోపం లేదు. ఓదారుస్తున్నాననే అనుకుంటున్నాడు. ఆమె పప్పు వేసింది. గరిటె గిన్నెలో పెట్టింది. అద్దం దగ్గరికి వెళ్లి వెనకనుంచి చీటీ తీసింది. ఎనిమిది నెలల్లో అంచులు పచ్చబడ్డాయి. పగిలిన అద్దంలో రెండు ముక్కల ముఖం ఒకసారి ఆమె వంక చూసింది.

"రేపు నేను పనికి వెళ్లడం లేదు."

"తొండకి సెలవా?"

"తొండని తొమ్మిదింటికి అక్కడ దింపి, నేను పెద్దాసుపత్రికి వెళ్తున్నాను. స్కాన్‌కి."

"ఏ స్కాను?"

ఆమె చీటీ అతని కంచం పక్కన పెట్టింది. అతను ఎడమచేత్తో తీసి చూశాడు.

"ఇదా! ఇది పాతది కదే. ఇప్పుడేం కొంప మునిగింది? రేపు శనివారం, షాపు కిటకిటలాడుతుంది. తువ్వాళ్లెవరు చూస్తారు? వచ్చే నెల నేనే తీసుకెళ్తా. వరద ముంచుకొస్తున్నట్టు ఏంటా తొందర?"

కిటికీ దగ్గర తువ్వాలు దులిపే చప్పుడు ఆగింది.

"మీ అమ్మకి వరదకి ఏడాది ముందే మొదలైంది," అన్నారు మామగారు.

భర్త తల తిప్పాడు. "నాన్నా, ఇప్పుడదెందుకు?"

"ఏడాది. దుప్పట్లు నేను చూశా. వంతెన అప్పుడు బాగానే ఉంది."

అంతే అన్నారు. తువ్వాలు ఒళ్లో పెట్టుకుని అంచుకి అంచు కలపబోయారు. చేతులు వణికి కలవలేదు.

నాలుగేళ్లుగా ఆ ఇల్లు నిలబెట్టుకున్న మాట ఒకటి కింద పడ్డట్టుంది. ఆమెకి తెల్లవారకముందే లేచి పెరట్లో ఒంటరిగా ఉతుక్కునే అత్తగారు కళ్లముందుకొచ్చింది. ఒక రోజు ఆ నీళ్ల రంగు తనూ చూసింది. అత్తగారు చటుక్కున బకెట్ వంచేసింది. తను అడగలేదు. అడిగితే ఆవిడ చిన్నబుచ్చుకుంటుందని అనుకుంది. ఆవిడ దాచింది, ఆయన చూసి మాట్లాడలేదు, తను చూసి ముఖం తిప్పుకుంది. అందరి తరఫునా వరద వచ్చి నేరం నెత్తిన వేసుకుని పోయింది.

భర్త చెయ్యి కంచంలో ఎండిపోతోంది. ఆమె చీటీ తీసుకుని మడిచి సంచిలో పెట్టుకుంది.

"రేపటి తువ్వాళ్లు మీరు చూసుకోండి," అంది. ఆ మాట చెప్పడానికి గొంతు పెంచాల్సిన అవసరం కూడా రాలేదు.

మర్నాడు ఉదయానికి తొండ గుడ్డు పెట్టలేదు. కళ్లు మాత్రం ఒకసారి తెరిచింది. ఆమె నల్ల చీర బయటికి తీసి, చూసి, మళ్లీ లోపల పెట్టి, లేత రంగుది కట్టుకుంది. మరకైతే అవుతుంది, ఆసుపత్రికే కదా వెళ్తున్నది. భర్త మూట పట్టుకుని పెరటి గుమ్మంలో నిలబడ్డాడు.

"టబ్బులో ఇసుకుంది కదా, వీటిని ఎందులో నానబెట్టాలి?"

"బకెట్లున్నాయి. రెండు."

"సబ్బుపొడి ఎంత వెయ్యాలి?"

"డబ్బా మీద రాసుంటుంది."

చెప్పులు వేసుకుని చూస్తే వీధి గుమ్మం దగ్గర మామగారు. ఉతికిన చొక్కా తొడుక్కుని, బుట్ట పట్టుకుని నిలబడి ఉన్నారు. తొండ చుట్టూ సెలూన్ తువ్వాలు, చక్కగా మడతపెట్టి. ఇద్దరూ బస్సెక్కారు. బుట్ట ఆయన ఒళ్లో పెట్టుకున్నారు. వణికే చేతులు రెండూ దాని మీద ఆన్చితే వణుకు కాస్త తగ్గింది.

"ఏమని చెప్పాలి?" అన్నారు.

"పన్నెండు రోజులు. తొమ్మిది పెట్టింది, ఏడు లోపలున్నాయి. రాత్రి ఒక్కటి కూడా పెట్టలేదు. కాగితం బుట్టలో పెట్టాను. ఆపరేషన్‌కి సంతకం అడుగుతారు మామయ్యా."

"నాది మూడో తరగతి సంతకం. చెల్లుతుందా?"

"చెల్లుతుంది."

"అది బతుకుతుందా?"

"తెలియదు మామయ్యా."

ఆయన తలూపారు. పశువుల ఆసుపత్రి దగ్గర బస్సు ఆగింది. ఆయన మెట్టు మెట్టుకీ ఆగి దిగారు, బుట్ట వంగకుండా. కింద నిలబడి కిటికీ వంక చూసి, "నువ్వెళ్లు. నేనుంటా," అన్నారు.

బస్సు కదిలి వంతెన ఎక్కింది. ఆమె కిందికి చూసింది. ఏట్లో నీళ్లు మోకాళ్ల లోతు కూడా లేవు. రాళ్లు కనిపిస్తున్నాయి. ఒకామె చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని నడిచే దాటుతోంది. కౌంటర్ దగ్గర ఎన్నాళ్ల నుంచి అని అడుగుతారు. పెదాలు కదలకుండా అనుకుని చూసుకుంది. పద్నాలుగు నెలలు. మళ్లీ అనుకుంది. పద్నాలుగు నెలలు. ఎందుకు ఆగారు అని అడిగితే ఈసారి తెలియదని చెప్పదు.

వంతెన సగం దాటాక వెనక్కి తిరిగి చూసింది. మామగారు ఆసుపత్రి గేటులోకి పోలేదు. బుట్ట రెండు చేతులా పట్టుకుని, రోడ్డు అంచున నిలబడి, వంతెన వైపే చూస్తున్నారు. బస్సు అవతలి ఒడ్డు చేరేదాకా అలాగే నిలబడ్డారు. చేరాక, లోపలికి వెళ్లారు.